రక్తంలో మామగారి పేరు

మంగళవారం పొద్దున మక్పాల్ వేసుకున్న పథకంలో మూడే మూడు పనులున్నాయి. ఎనిమిదింటికి ల్యాబ్‌లో రక్తం ఇవ్వాలి, దారిలో వేడి రొట్టె కొనాలి, తొమ్మిదిలోగా ఇంటికొచ్చి అత్తమామలకు పాలు పోసిన టీ అందించాలి. తరాజ్ ఊళ్ళో వాళ్ళ వీధి నుంచి ల్యాబ్‌కి నడిచి వెళ్తే పదిహేను నిమిషాలు. ఇందులో చెడిపోవడానికి ఏముంది అని ఎవరైనా అడగొచ్చు. తనని తానే అడిగింది కూడా, గేటు దాటుతూ.

రక్తం ఎందుకంటే, తుమ్ముల వల్ల. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి నాలుగు నెలలైంది, ఆ నాలుగు నెలలూ తుమ్ముతూనే ఉంది. టీ పోస్తూ తుమ్ముతుంది, పెద్దవాళ్ళకు వంగి నమస్కారం పెడుతూ తుమ్ముతుంది, ఒకసారి ఇంటినిండా చుట్టాలుండగా దీవెన అందుకుని "ఆమీన్" అనాల్సిన చోట కూడా తుమ్మింది. ఇంట్లో అనుమానితులు ఇద్దరు. ఒకటి అత్తగారు కుల్పాష్ పెంచుకునే పిల్లి మార్సిక్. దిండు సైజులో ఉంటుంది, పని కూడా దిండు చేసే పనే. రెండోది మామగారి వేటకుక్క ఉష్కిర్. సన్నటి నడుము, పొడుగాటి కాళ్ళు, ఇల్లంతా తనదే అన్నట్టు నడక. మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఏడు ఉష్కిర్‌తోనే.

శనివారం టీ దగ్గర పంచాయితీ జరిగింది.

"నా మార్సిక్‌కి నేను పూచీ. దాని వెంట్రుక ఒక్కటంటే ఒక్కటి నేల మీద పడదు," అంది కుల్పాష్.

"నిజమే. అన్నీ నా టోపీ మీదే పడతాయి," అన్నాడు మామగారు.

"మీరిద్దరూ ఆపండి, రక్తమే చెప్తుంది," అన్నాడు మక్పాల్ భర్త మెదెత్. "పరీక్షలో ఎవరి పేరు వస్తే వాళ్ళు ఇంట్లోంచి వెళ్ళాల్సిందే. కరగండాలో ఉన్న మావయ్య దగ్గరికి పంపేద్దాం. తర్వాత ఏడుపులు లేవు, మాట మీద నిలబడాలి."

అందరూ మాట ఇచ్చారు. కరగండా మావయ్య మంచివాడే గానీ ఆయన పెరట్లో పిల్లికైనా కుక్కకైనా కోడికైనా గొలుసు ఉంటుంది. మక్పాల్ టీ పోస్తూ లెక్క వేసుకుంది. పిల్లి పేరొస్తే అత్తగారు జన్మలో క్షమించదు. కుక్క పేరొస్తే మామగారి పది మాటల్లో ఏడు పోతాయి. ఏది జరిగినా వీధి మొత్తం అనేది ఒకటే, నాలుగు నెలల కోడలు వచ్చి ఇంటి ప్రాణిని వెళ్ళగొట్టిందట అని.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కోడలన్నాక మామగారి పేరు నోటితో అనకూడదు, ఆ పేరులో ఉన్న మాట కూడా అనకూడదు. మామూలుగా ఇదేం పెద్ద కష్టం కాదు. కానీ మక్పాల్ మామగారి పేరు కుషిక్‌బాయ్. కుషిక్ అంటే కుక్కపిల్ల, బాయ్ అంటే ఆసామి. ఆయనకు ముందు పుట్టిన ముగ్గురు అన్నలూ పురిట్లోనే పోతే, ఈసారి మృత్యువు వచ్చి చూసినా "ఛీ, కుక్కపిల్ల" అని పక్కింటికి పోవాలని వాళ్ళ నాయనమ్మ ఆ పేరు పెట్టింది. అరవై తొమ్మిదేళ్ళుగా మృత్యువు అలాగే పోతోంది, ఇరుక్కున్నది కోడలే. మక్పాల్ బాలవాడిలో టీచరు. బొమ్మల పుస్తకం తెరిచి ఇది ఆవు, ఇది దూడ, ఇది గొర్రె, ఇది గొర్రెపిల్ల, ఇది కుక్క, ఇది కుక్కగారి అబ్బాయి అని చెప్తుంది. ఆమె తరగతిలో ఇరవై రెండు మంది పిల్లలూ అలాగే నేర్చుకున్నారు. ఈ సంగతి తెలిసి కుల్పాష్ వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పుకుంది. కోడలి గురించి ఆమె మెచ్చుకున్నది అదొక్కటే, కాబట్టి ఆ ఒక్కటి పోగొట్టుకోవడం మక్పాల్‌కి ఇష్టం లేదు.

ల్యాబ్‌లో కౌంటరు వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది. గోళ్ళు పొడుగ్గా ఉన్నాయి, వేళ్ళు కంప్యూటరు మీద టకటకలాడుతున్నాయి, కళ్ళు తెర మీదే.

"కార్డు?"

"ఇంట్లో మర్చిపోయానండీ. ఇంటిల్లిపాదికీ ఒకటే కార్డు."

"ఎవరి పేరున ఉంది?"

"మా మామగారి పేరున."

"ఆయన పేరు?"

మక్పాల్ నోరు తెరిచి మూసింది.

"గుర్తు లేదా?"

"గుర్తుంది. కోడల్ని కదండీ."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు గానీ, వెనక లైనులో తెల్ల తలగుడ్డ కట్టుకున్న పెద్దావిడకి అర్థమైంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఓసి నా తల్లే! ఈ రోజుల్లో కూడా ఉన్నారా నీలాంటివాళ్ళు! నువ్వు అనకు, మేమే అంటాం. సూచన ఇవ్వు చాలు."

"రాసివ్వకూడదా?" అన్నాడు ఆవిడ వెనక నిలబడ్డ లావుపాటి మనిషి.

"రాయడం మాత్రం అనడం కాదా!" అని పెద్దావిడ ఆయన్ని కసిరింది. మక్పాల్ ఫోను తీసి చూసింది, అందులో ఆయన పేరు "అతా" అనే ఉంది. మామగారినైనా ఏ తాతనైనా పిలిచే మాట అదొక్కటే కదా మరి.

సూచనలు మొదలయ్యాయి. "ఒక జంతువుంటుందండీ. ఇల్లు కాస్తుంది. దానికి ఈ మధ్యే పుట్టిన అబ్బాయి ఉంటాడు."

"దూడ!" అన్నాడు లావుపాటి మనిషి.

"దూడ ఇల్లు కాస్తుందా నాయనా?" అంది పెద్దావిడ. "మొరుగుతుందా తల్లీ?"

"మొరుగుతుంది!"

"కుషిక్!"

"ఆఁ! దాని తర్వాత, బాగా గొర్రెలూ గుర్రాలూ ఉన్న ఆసామిని ఏమంటారు?"

ఈలోగా కౌంటరు అమ్మాయి వీళ్ళతో తేలేలా లేదని తర్వాతి గళ్ళలోకి వెళ్ళిపోయింది. పరీక్ష దేనికో ముందే రాసి ఉంది, పిల్లికీ కుక్కకీ. "పిల్లి పేరు?" అంటే మక్పాల్ వెనక్కి తిరగకుండానే "మార్సిక్" అంది. "కుక్క పేరు?" అని అమ్మాయి అడిగిన క్షణంలోనే లైను మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

"కుషిక్‌బాయ్!"

"అదే! అదే!" అని మక్పాల్ సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది. అమ్మాయి ఆ పేరు టైపు కొట్టింది. కొట్టింది కార్డు గడిలో కాదు, కుక్క గడిలో. తెర ఆ వైపు తిరిగి ఉంది కాబట్టి మక్పాల్ చూడలేదు.

"ముద్దుగా ఉంది పేరు. ఎవరు పెట్టారు?" అంది అమ్మాయి.

"వాళ్ళ నాయనమ్మ."

"రోజూ దగ్గరగా మసలుతారా?"

ఇవన్నీ ఎందుకో మక్పాల్‌కి అర్థం కాలేదు, కానీ ల్యాబ్‌లో అడిగితే చెప్పాలి కదా. "లేదండీ, మర్యాదగా దూరంగానే ఉంటాను. పొద్దున్నే వంగి నమస్కారం పెడతాను, తర్వాత టీ పోస్తాను."

అమ్మాయి మొదటిసారి తెర మీంచి తల ఎత్తింది. "కొందరు మరీ ప్రేమగా చూసుకుంటార్లెండి," అని మళ్ళీ దించింది. "జుట్టు రాలుతుందా?"

"ఇంకా రాలడానికి ఏం మిగిలిందండీ. చెవుల పక్కన కాస్త ఉంది, అంతే."

అమ్మాయి అది కూడా టైపు చేసుకుని, కార్డు సంగతి ఫోను నంబరుతో తేల్చేసింది. కార్డుకి ఉన్న నంబరు మామగారిది. రిపోర్టు రేపు ఆ ఫోనుకే వస్తుందని చెప్పింది. మక్పాల్ రక్తం ఇచ్చి, రొట్టె కొని, తొమ్మిదికి రెండు నిమిషాలుండగా ఇంట్లో ఉంది. మామగారి పేరు నోట అనలేదు. పని జరిగింది. ఇంత తెలివైన కోడలు జాంబుల్ ప్రాంతం మొత్తంలో లేదనిపించింది ఆమెకి.

బుధవారం మధ్యాహ్నం, మక్పాల్ బాలవాడిలో ఉండగా మెసేజ్ వచ్చింది. మామగారికి కళ్ళజోడు దొరక్క ఫోను కుల్పాష్‌కి ఇచ్చాడు, ఆమె పైకి చదివింది. "మార్సిక్: లేదు. కుషిక్‌బాయ్: ఉంది, నాలుగో తరగతి, తీవ్రం. సూచనలు. కుషిక్‌బాయ్‌ని పడగ్గదిలోకి రానివ్వకండి. సోఫా ఎక్కనివ్వకండి. వారానికి రెండుసార్లు స్నానం చేయించండి. జుట్టు అసాధారణంగా రాలిపోయినందున వైద్యుడికి చూపించండి. వీలైతే వేరే చోటికి పంపించడం ఉత్తమం."

కుల్పాష్ మొదటి నుంచి మళ్ళీ చదివిందట.

"సోఫా సంగతి కూడా రక్తంలో తెలిసిపోతుందా!" అంది కుల్పాష్ చివరికి, భయభక్తులతో.

మామగారు ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "కోడలికి చెప్పకు. చిన్నపిల్ల, బాధపడుతుంది," అన్నాడు. రోజుకి పది మాటల మనిషి, అప్పటికి ఆ రోజు కోటా అయిపోయింది.

సాయంత్రం మక్పాల్ ఇంటికొచ్చేసరికి సోఫా మీద దుప్పటి కప్పి ఉంది. మామగారు తడి తలతో పెరట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఒంటి నుంచి రోజా సబ్బు వాసన వస్తోంది. పక్కన ఉష్కిర్ కూర్చుని ఆ వాసన ఎవరిదా అని చూస్తోంది. మక్పాల్ వంగి నమస్కారం పెడితే ఆయన స్టూలు ఎత్తుకుని నాలుగడుగులు వెనక్కి జరిగి, అక్కణ్ణుంచి తల ఊపాడు.

మక్పాల్‌కి ఒకటే తట్టింది. తెలిసిపోయింది! లైనులో అందరి చేతా ఆయన పేరు అరిపించిన సంగతి ఊరంతా పాకి ఇంటికి చేరింది. లేకపోతే తెల్ల తలగుడ్డ ఆవిడ అత్తగారికి చుట్టమై ఉంటుంది, ఈ ఊళ్ళో ఎవరు ఎవరికి చుట్టం కారు గనక!

"అతాకి నా మీద కోపంగా ఉందా అపా?" అని వంటింట్లో అత్తగారిని అడిగింది.

"కోపమేంటి తల్లీ, పాపం," అంది కుల్పాష్, ఉల్లిపాయలు తరగకుండానే కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు లోతుగా ఊపిరి పీల్చకు, అంతే."

భోజనాల దగ్గర మామగారు ఎప్పటిలా పైపీట మీద కూర్చోకుండా తలుపు దగ్గర కూర్చున్నాడు. ఉష్కిర్ ఆయన కాళ్ళకి రాసుకుంటూ వచ్చి చేరింది. మక్పాల్ తుమ్మింది. ఆయన పళ్ళెం తీసుకుని వసారాలోకి వెళ్ళాడు, కుక్క కూడా వెళ్ళింది. మక్పాల్ క్షమాపణ అడుగుదామని టీ గిన్నె పట్టుకుని వెనకే వెళ్ళి, మళ్ళీ తుమ్మింది. ఆయన మెట్లు దిగాడు. ఆమె కూడా దిగి మూడోసారి తుమ్మింది. ఆయన మాంసం పళ్ళెంతో సహా గేటు బయటికి వెళ్ళి నిలబడి తిన్నాడు. దారిన పోయేవాళ్ళు పలకరిస్తుంటే మర్యాదగా జవాబు చెప్తున్నాడు.

"ఏం జరుగుతోంది ఈ ఇంట్లో?" అన్నాడు మెదెత్ ఎముక చీకుతూ. ఆ వెంటనే ఇంకో ఎముక అందుకున్నాడు.

గురువారం పొద్దున టీ పోయడానికి వస్తే మామగారు లేడు. కుక్క లేదు, దాని గిన్నె లేదు. కుల్పాష్ మార్సిక్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"వెళ్ళాడు తల్లీ. మెర్కేలో తమ్ముడింటికి. ఇక అక్కడే ఉంటాడట. నీ ఆరోగ్యం కోసమే. చెప్పొద్దన్నాడు గానీ నేను ఎంతసేపు ఆపుకోను?" అని తన ఫోను చూపించింది. మెసేజ్‌ని తనకీ పంపించుకుంది, స్నానం సూచన కోసం.

మక్పాల్ చదివింది. మార్సిక్. కుషిక్‌బాయ్. జుట్టు. స్నానం. మంగళవారం పొద్దున అమ్మాయి అడిగిన ఒక్కో ప్రశ్నా ఒక్కో మేకులా వచ్చి దిగింది. ముద్దుగా ఉంది పేరు! నమస్కారం పెట్టి టీ పోస్తాను! పడనిది కుక్క అని అత్తగారితో చెబుదామని నోరు తెరిచింది, కరగండా మావయ్య గొలుసు గుర్తొచ్చి మూసుకుంది. చెబితే కుక్క పోతుంది, చెప్పకపోతే మామగారు పోతాడు. "ఇప్పుడే వస్తా అపా," అని ఇంటి చెప్పులతోనే పరిగెత్తింది.

మెర్కే వెళ్ళే మినీబస్సులు ఆగే చోట ముసలాళ్ళంతా ఒకేరకం బూడిదరంగు టోపీలు పెట్టుకుని ఉన్నారు. మామగారు ఒక బస్సులో వెనక కిటికీ దగ్గర, మొహం అటు తిప్పుకుని, ఒళ్ళో కుక్క తలతో కూర్చుని ఉన్నాడు. బస్సు అప్పుడే గొణుగుతూ కదులుతోంది.

"అతా!" అని అరిచింది మక్పాల్.

పదకొండు మంది తాతలు వెనక్కి తిరిగారు. "ఏం తల్లీ?" అన్నారు పదకొండు మందీ. కావలసిన పన్నెండో ఆయన మాత్రం తిరగలేదు.

"అతా! మీరు కాదు! అతా!"

బస్సు మలుపు తిరగబోతోంది. మక్పాల్ కళ్ళు గట్టిగా మూసుకుంది. "కుషిక్‌బాయ్!" అని అరిచింది. అరిచాక తన గొంతు తనకే వినిపించి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

అక్కడున్న పదకొండు మంది తాతలూ టోపీలు సర్దుకున్నారు. బస్సు ఆగింది. మామగారు మెల్లగా దిగాడు, వెనక కుక్క దిగింది.

"నువ్వేనా అరిచింది?"

"నేనే అతా. తప్పైపోయింది. కోడలిగా ఇక నేను పనికిరాను."

ఆయన టోపీ తీసి, చెవుల పక్కనున్న కాస్త జుట్టూ సవరించుకున్నాడు. "మా అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మీ అత్త 'ముసలాయనా' అంటుంది. స్నేహితులు 'గార్డూ' అంటారు. బ్యాంకువాళ్ళు ఇంటిపేరుతో పిలుస్తారు." టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "బానే ఉంది పేరు. మర్చేపోయాను."

మక్పాల్ ఏడుస్తూనే ల్యాబ్ కథంతా చెప్పడం మొదలుపెట్టింది. కార్డు, లైను, గళ్ళు. "అది మీరు కాదు అతా! ఎలర్జీ కుక్క..."

"ష్, మెల్లగా!" అన్నాడు మామగారు అటూ ఇటూ చూసి. "తెలుసు."

"తెలుసా?"

"పిల్లి పేరు కింద నా పేరుంటే అది ఎవరి గడో తెలియదా? చదువుకున్నవాణ్ణే." ఆయన బెంచీ మీద కూర్చుని కుక్క చెవి నిమిరాడు. ఆ రోజు ఆయన మాట్లాడినన్ని మాటలు మక్పాల్ నాలుగు నెలల్లో వినలేదు. "మనం ఏమని మాట ఇచ్చాం? ఎవరి పేరొస్తే వాళ్ళు వెళ్ళాలి. ఉష్కిర్ పేరొచ్చి ఉంటే ఇది ఇప్పుడు కరగండాలో గొలుసుకి ఉండేది. అదృష్టం, నా పేరొచ్చింది. నాకు గొలుసు వేయరు కదా. నేను వెళ్తున్నాను, తోడుగా కుక్కని తీసుకెళ్తున్నాను. మాట తప్పిందెవరు?"

మక్పాల్ కన్నీళ్ళు ఆగిపోయాయి.

"మరి నిన్నటి స్నానం?"

"దేనికైనా మూల్యం ఉంటుంది," అన్నాడాయన బాధగా.

"మెర్కేలో మీకు బాగుంటుందా అతా?"

మామగారు కుక్క మెడ గోకాడు. "మా మరదలు పులుసులో ఉప్పు వెయ్యదు," అన్నాడు.

అప్పుడే మక్పాల్ బుర్ర పనిచేసింది. "అతా, మనవాళ్ళు ఇంట్లోంచి వెళ్ళాలన్నారు. పెరట్లోంచి అనలేదు. పెరటి మూల విడిగా ఉన్న వేసవి వంటిల్లు ఖాళీగానే ఉంది. పొయ్యి ఉంది, మంచం పడుతుంది. మూడు పూటలా టీ నేనే తెచ్చి గుమ్మం దగ్గర పెడతాను. కుక్క లోపల, నేను బయట."

ఆయన ఆమె వైపు తేరిపార చూశాడు. "మెదెత్ నిన్ను ఎక్కడ వెతికి పట్టాడో గానీ," అన్నాడు, "వాడు చేసిన తెలివైన పని అదొక్కటే."

ముగ్గురూ ఇంటికి నడిచి వెళ్ళారు, మక్పాల్ గాలికి ఎదురుగా, కుక్క గాలి పోయే వైపు. అలా రెండు వారాలు గడిచాయి. కుల్పాష్ పరదాలు, దుప్పట్లు, తివాచీలు ఉతికింది. మక్పాల్ తుమ్ములు రోజుకి ముప్పై నుంచి రెండుకి దిగాయి. వేసవి వంటింట్లో మామగారు పాత రేడియో పెట్టుకున్నాడు, మంచం వేసుకున్నాడు, సాయంత్రాలు పాత రైల్వే స్నేహితులొచ్చి పేకాడుతున్నారు. అప్పుడప్పుడు లోపల్నుంచి నవ్వులు వినిపించేవి. సోఫా మీద ఒంటరిగా కూర్చున్న కుల్పాష్‌కి ఆ నవ్వులు నచ్చలేదు. భర్త లేని సోఫా చూడ్డానికి శుభ్రంగా ఉందే గానీ, తిట్టడానికి దాని మీద ఎవరూ లేరు.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా తనే ల్యాబ్‌కి వెళ్ళింది. మనిషికి మనిషి పడకపోవడం రక్తంలో తెలిసేటట్టయితే పెళ్ళికి ముందే చూసుకునేవాళ్ళం కదా అని కౌంటరు అమ్మాయిని గట్టిగా నిలదీసింది. అమ్మాయి తెర చూసింది, గోళ్ళు కొరుక్కుంది, అరగంటలో సవరించిన కాగితం ఇచ్చింది.

కుల్పాష్ ఆ కాగితం పట్టుకుని తిన్నగా వేసవి వంటింటికి వచ్చింది. పేకాట ఆగిపోయింది. టీ తెచ్చిన మక్పాల్ గుమ్మం బయటే బిగుసుకుపోయింది.

"దొరికావు ముసలాయనా! కుక్కే!" అంది కుల్పాష్. "కుక్క ఎలాగూ ఇంట్లోంచి వచ్చేసింది, ఇక్కడే ఉండనీ, కరగండా వద్దు ఏమీ వద్దు. నువ్వు మాత్రం లేచి సోఫా మీదికి రా."

మామగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు, తాపీగా, రైలు వదిలే ముందు గార్డు చీటీ చదివినట్టు. "పిల్లి, లేదు. కుక్క, నాలుగో తరగతి. కింద చూడు ముసలీ, కుషిక్‌బాయ్, 'పరీక్షించలేదు' అని ఉంది." కళ్ళజోడు తీసేశాడు. "పరీక్షించకుండా కోడలున్న ఇంట్లోకి ఎలా వస్తాను? పసిపిల్ల ఆరోగ్యం."

కుల్పాష్ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంది.

"నలభై రెండేళ్ళుగా ఆ పరీక్ష చేస్తున్నది నేను," అంది, "లేచి రా, తరగతి నేను చెప్తా."